ఎడమ చెంప మెచ్చిన రాయి

ఆగస్టు 4, సోమవారం

పాత రాయి పోయింది. సింకులో కడుగుతుంటే చేతిలోంచి జారి అడ్డంగా రెండు ముక్కలైంది. ఏళ్ళ తరబడి అరిగి అరిగి బిస్కెట్ అంత పల్చనైపోయింది, విరగడంలో వింతేమీ లేదు. అయినా ఏడుపొచ్చింది. గదిలో ఎవరూ లేరు కదా అని కాసేపు ఏడ్చాను కూడా.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, ఎవరు పోయారండీ అంది. రాయి అన్నాను. ముక్కల వంక చూసి, పోనీలెండి, నా సవతి పీడ విరగడైంది అంది. నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. ఆవిడకి అలుసివ్వకూడదు.

ముందు గది బావమరిది సెలూన్. వెనక గదిలో నేనూ, నా రాళ్ళూ. అతను గడ్డాలు గీస్తాడు, నేను కత్తులు నూరతాను. మిగతా షాపులన్నీ బ్లేడు మార్చుకునే కత్తులకి వెళ్ళిపోయాయి. మా దగ్గర ఇంకా పాతకాలపు మడత కత్తులే, జనం మా గుమ్మం తొక్కేది వాటి కోసమే. గరుకు రాయి, నడిమి రాయి ఫ్యాక్టరీవి, ఏ కొట్లోనైనా దొరుకుతాయి. చివరి రాయి మాత్రం గనిలోంచి రావాలి. కత్తి అంచుని నున్నగా చేసేది అదే. అది సరైనది కాకపోతే గడ్డం తెగుతుంది, చర్మం కూడా గీరుకుపోతుంది. మధ్యాహ్నం దాకా మొహం మండుతూ ఉంటుంది.

రాళ్ళాయనకి ఫోన్ చేశాను. మంచి సరుకు తెస్తానన్నాడు. ఎప్పుడూ అదే అంటాడు.

ఆగస్టు 6, బుధవారం

రాళ్ళాయన వచ్చాడు. ఒక్కో రాయినీ తువ్వాల్లోంచి తీసి, నిద్రపోతున్న పసిపిల్లల్ని దించినట్టు బల్ల మీద పెట్టాడు. మాట్లాడటం మొదలుపెడితే ఆపడు కాబట్టి, రాయి చూసేటప్పుడు నోరు మూసుకోవాలని ముందే చెప్పాను.

వేలి కణుపుతో తట్టి చూశాను. బోలుగా పలికినవి పక్కన పెట్టేశాను, లోపల పగులు ఉంటుంది. మిగిలిన వాటి మీద నీళ్ళు చల్లాను. నీళ్ళు ఇట్టే పీల్చేసుకున్నవి పక్కకి. తర్వాత గోరుతో ఈ చివరి నుంచి ఆ చివరికి గీశాను. ఒక చక్కటి నల్ల రాయి, అద్దంలా ఉంది, దాని మధ్యలో సన్నటి జీర గోరుకి తగిలింది. వద్దన్నాను. రాళ్ళాయన ఆ జీర కంటికే కనపడదు కదండీ అన్నాడు. కంటితో గడ్డం గీస్తామా అన్నాను.

చివరికి రెండు ఉంచుకున్నాను. ఒకటి బూడిద రంగుది, ఒకటి ఆకుపచ్చది. అడక్కపోయినా పసుపుది ఒకటి అంటగట్టి వెళ్ళాడు. నచ్చకపోతే తలుపుకి అడ్డం పెట్టుకోండి అన్నాడు.

ఇక అసలు పరీక్ష. వెంట్రుక వేలాడదీసి తెంపడం, చేతి మీద రోమాలు గీయడం, ఇవన్నీ గారడీ వేషాలు. కత్తికి పని మొహం మీద, పరీక్షా మొహం మీదే. నా పద్ధతి ఒకటే. కొత్త రాయి మీద నూరిన కత్తి ఎడమ చెంపకి. అప్పటిదాకా గెలిచిన రాయిది కుడి చెంపకి. ఏ చెంప హాయిగా ఉంటే ఆ రాయి. బావమరిది ఎన్నిసార్లు వెక్కిరించినా నేను మార్చలేదు. మనుషులు మొహమాటానికి ఏదైనా అంటారు, చెంపకి మొహమాటం లేదు.

ఆగస్టు 8, శుక్రవారం, ఉదయం 6

బూడిద రాయి. పాత రాయి మీద నూరిన కత్తి ఒకటి పెట్టెలో మిగిలింది, కుడి చెంపకి అది.

కుడి వైపు ఎప్పటిలాగే బాగుంది. ఎడమ వైపు! కత్తి ఉన్నట్టే తెలియలేదు. మా పనిలో ఇంతకు మించిన పొగడ్త లేదు. గీస్తున్నానా లేదా అని అద్దంలోకి వంగి చూసుకోవలసి వచ్చింది.

పాత రాయికి ఏడ్చినందుకు సిగ్గేసింది.

ఆగస్టు 12, మంగళవారం

ఈరోజు బూడిదది కుడికి, ఆకుపచ్చది ఎడమకి.

ఆకుపచ్చది గెలిచింది. సందేహమే లేదు. విచిత్రం ఏమిటంటే శుక్రవారం అంత గొప్పగా ఉన్న బూడిద రాయి ఈరోజు మామూలుగా అనిపించింది. నూరేటప్పుడు తొందరపడి ఉంటాను. రాయి మీద నీళ్ళు చల్లి చిన్న రాతి ముక్కతో రుద్ది పాలు తీస్తాం కదా, ఆ పాలు మరీ చిక్కగా వదిలేసినా ఇలాగే అవుతుంది. 

ఎలాగైతేనేం, ఆకుపచ్చది.

ఆగస్టు 15, శుక్రవారం

పసుపుది ఆకుపచ్చదాన్ని ఓడించింది! తలుపుకి అడ్డం పెట్టుకోమన్న రాయి! రాళ్ళాయనకి తెలిస్తే నెత్తికెక్కి కూర్చుంటాడు. చెప్పను.

షాపులో కత్తులన్నీ పసుపు రాయి మీదకి ఎక్కించాను. సాయంత్రానికి నడుం పట్టేసింది. సంతోషంగా ఉంది. ఈ వయసులో ఇంత మంచి రాయి చేతికి వస్తుందనుకోలేదు.

ఆగస్టు 19, మంగళవారం

బావమరిదితో గొడవ.

రోజు విడిచి రోజు వచ్చే లాయరు గారు మొహం మండిపోతోందని అన్నాడట. ఇంకో ఇద్దరు కూడా అన్నారట. కత్తులు మొద్దుబారాయి బావా, చూడవూ అన్నాడు. నా కత్తులు! నిన్న గాక మొన్న నూరినవి! మొద్దుబారింది కత్తులు కాదు, నీ చెయ్యి అన్నాను. తోలు పట్టీ మీద కత్తి సరిగ్గా తిప్పడం చేతకాదు, పైపెచ్చు వేడి నీళ్ళు పెట్టకుండానే గీకేస్తావు, మధ్యలో నా రాయేం చేసింది అని నోటికొచ్చినట్టు తిట్టాను.

చీపురు తీసుకుని నేల ఊడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. అతను అలా చేస్తే ఇంకా ఒళ్ళు మండుతుంది.

తమ్ముణ్ణి అన్ని మాటలంటారా అని మా ఆవిడ భోజనం దగ్గర గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టింది.

ఆగస్టు 22, శుక్రవారం

లాయరు గారు వీధి చివరి షాపులో కూర్చుని ఉన్నాడట. బావమరిది అద్దంలోంచి చూశాడు. ఆయన ఇతన్ని చూసి పేపరు అడ్డం పెట్టుకున్నాడట. ఇలాగే ఉంటే మనం కూడా బ్లేడులు కొనుక్కోవాలి బావా, ఇక వెనక గది ఎందుకు అన్నాడు. కోపంగా అనలేదు. అదే భయపెట్టింది.

ఆగస్టు 24, ఆదివారం

వరసగా రాస్తాను.

పొద్దున కుడికి ఆకుపచ్చ రాయి కత్తి, ఎడమకి పసుపుది పెట్టి గడ్డం గీసుకున్నాను. ఎడమ వైపు ఎప్పటిలాగే స్వర్గం. మొహం కడుక్కుని టిఫిన్ దగ్గర కూర్చున్నాను. మా ఆవిడ ప్లేటు పెట్టబోయి ఆగిపోయింది. ఏమండీ, ఆ రక్తమేంటి అంది. ఎవరిది అన్నాను.

నిజంగా అలాగే అన్నాను. ఎవరిది అని.

చొక్కా కాలరంతా తడిసిపోయింది. అద్దంలో చూస్తే ఎడమ చెంప మీద వేలెడు కోత. చర్మం విచ్చుకుని ఉంది. అక్కడ వేలు పెడితే వేలికి తడి తెలిసింది. చెంపకి వేలు తెలియలేదు.

ఆవిడ దూది తేవడానికి వెళ్ళింది. నేను వెనక గదిలోకి వెళ్ళి, గరుకు రాయి ఇంకా దాటని కత్తి ఒకటి పట్టుకున్నాను. అది మొహానికి పెట్టే కత్తి కాదు, ఇంకా రంపమే. కుడి చెంప మీద ఆనించి కొంచెం లాగాను. కెవ్వుమన్నాను. ఎడమ చెంప మీద లాగాను. హాయిగా ఉంది. ఎంత హాయిగా ఉందంటే, ఇది కూడా చాలా మంచి రాయి అని రాసేసుకునేవాణ్ణి.

అంటే ఇన్నాళ్ళూ రాళ్ళ మధ్య పోటీ జరగనే లేదు. ఏ రాయి పెట్టినా ఎడమ వైపు గెలుస్తూ వచ్చింది. నేనేమో రాయిని మెచ్చుకుంటూ కూర్చున్నాను. మిగతా ఎవడైనా అయితే చెంపకి ఏమీ తెలియడం లేదని డాక్టర్ దగ్గరికి పరిగెత్తేవాడు. నేను సంబరపడ్డాను.

ఆగస్టు 25, సోమవారం

మా ఆవిడ గిల్లి చూసింది. కంటి కింద నుంచి పెదవి దాకా. తెలుస్తోందా, ఇక్కడ, ఇక్కడ అంటూ. లేదు, లేదు అన్నాను. ఆవిడకి వేళాకోళం చేయడానికి ఏమీ దొరకలేదు. ఆ ముక్కు ఒక వైపు ఎప్పుడూ మూసుకుపోయి ఉంటోందంటే జలుబని అనుకున్నాం కదండీ అంది.

బావమరిదికి సారీ చెప్పాను. పోనీలే బావా అన్నాడు. పసుపు రాయి మీద నూరిన కత్తులన్నీ కట్టగట్టి పక్కన పెట్టేశాడు. బూడిదదో ఆకుపచ్చదో తేల్చేదాకా వేరే చోట నుంచి నాలుగు కత్తులు అడిగి తెచ్చుకుంటానన్నాడు.

ఆగస్టు 27, బుధవారం

డాక్టర్ చిన్నవాడే. చేతులు చల్లగా ఉన్నాయి. ఏమైంది అని అడిగితే, చెంప మొద్దుబారింది సార్ అన్నాను. అన్నాక గుర్తొచ్చింది. బావమరిది అన్నదీ ఇదే మాట. జీవితమంతా ఆ మాట కత్తికి వాడుతూ వచ్చాను. కత్తులు మొద్దుబారాయి అని అతను అంటే, ఏది మొద్దుబారిందో వెతకాల్సిన చోట అతనితో పోట్లాడాను.

కళ్ళు మూసుకోమన్నాడు. దూది పోగుతో తాకుతాను, తాకినప్పుడల్లా చెప్పండి అన్నాడు. కుడి వైపు ప్రతిసారీ చెప్పాను. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఎడమ వైపు ఎప్పుడు మొదలుపెడతారు అని అడిగాను. అయిపోయింది అన్నాడు.

ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందన్నాడు. తెలియదన్నాను. నొప్పి ఉండి ఉంటే ముందే వచ్చి ఉండేవారు అన్నాడు. స్కాన్ రాశాడు.

ఆగస్టు 29, శుక్రవారం

స్కాన్ అయింది. ముక్కులోంచి గొట్టం పెట్టి లోపల నుంచి చిన్న ముక్క కూడా తీశారు. ఆ పని చేసిన మనిషి చాలా నెమ్మదస్తుడు. ఎడమ వైపు కాబట్టి పెద్దగా తెలియలేదు.

సెప్టెంబర్ 3, బుధవారం

రిపోర్ట్ వచ్చింది. నన్ను మళ్ళీ రక్తం ఇవ్వమని కింద గదికి పంపారు. పైకి వచ్చేసరికి మా ఆవిడ డాక్టర్ గదిలోంచి బయటికి వస్తూ కళ్ళజోడు తుడుచుకుంటోంది. ఏమన్నాడు అన్నాను. చిన్న గడ్డేనటండీ, నరం మీద కూర్చుందట, ఆపరేషన్ కూడా అక్కర్లేదన్నారు అంది.

ఆపరేషన్ అక్కర్లేదు! మెట్ల మీదే కూర్చుండిపోయాను. కొయ్యబారిన మొహంతో, సగం దవడ లేకుండా తిరగాల్సి వస్తుందేమోనని రెండు రాత్రులు నిద్ర లేదు. ఆవిడ పక్కన కూర్చుని నా చొక్కా గుండీ సరిచేసింది. మందులు వాడదాం, అంతే అంది.

ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

సెప్టెంబర్ 5, శుక్రవారం

ప్రాణం కుదుటపడింది కాబట్టి మళ్ళీ రాళ్ళు. అడిగి తెచ్చుకున్న కత్తులతో బావమరిది ఎన్నాళ్ళు నెట్టుకొస్తాడు?

చిక్కేమిటంటే నాకు ఇప్పుడు ఒక్క చెంపే ఉంది. ఒక కత్తి గీశాక అదే చోట రెండోది పెడితే ఏదైనా మండుతుంది. ఒకేసారి రెండు చెంపలు కావాలి. బావమరిదిని అడిగాను. గడ్డాలు గీసేవాడికి గుండెల దాకా గడ్డం! తీసేయరా అంటే ప్రాణం తీయమన్నట్టు చూశాడు. తీస్తాను బావా, నువ్వు తీయమంటే తీస్తాను అని వెంటనే అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. వద్దులే అన్నాను.

మా ఆవిడ వింటోంది. నా మొహం ఉందిగా, అందులో పాడవడానికి ఇంకా ఏం మిగిలింది గనక అంది.

సెప్టెంబర్ 8, సోమవారం

షాపుకి సెలవు. సెలూన్ కుర్చీలో మా ఆవిడ. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆ కుర్చీలో కూర్చోవడం ఇదే మొదటిసారి. కాళ్ళు కింద ఆనలేదు. మెడకి గుడ్డ కట్టి బ్రష్‌తో నురగ పట్టించాను. చక్కిలిగింతలు పుట్టి నవ్వుతూనే ఉంది. నవ్వితే తెగుతుంది అని కసిరాను.

ఎడమ వైపు బూడిదది, కుడి వైపు ఆకుపచ్చది. ఆవిడ చెంప మీద ఉండేది నూగే, కానీ చర్మానికి నూగేంటి, గడ్డమేంటి, అంచు గరుకైతే తెలిసిపోతుంది. చిన్నగా ఒక్కో గీత గీశాను.

ఎలా ఉంది అన్నాను. తెలియనే లేదండీ అంది. ఇటు? ఇటు కూడా తెలియలేదు అంది. ఏదో ఒకటి చెప్పాలి కదా అంటే, రెండూ బాగున్నాయి, మీ చేతి మహిమ అంది.

మనసు పొంగింది. పని మాత్రం తెగలేదు.

సెప్టెంబర్ 11, గురువారం

మళ్ళీ చూశాం. చెంపలు మార్చాను, ఆకుపచ్చది ఎడమకి, బూడిదది కుడికి. ఈసారీ అదే మాట. రెండూ తెలియలేదట.

ఎక్కడో తేడాగా ఉంది. కొత్త రవికె కొంటే మెడ దగ్గర లేబుల్ గుచ్చుతోందని ఇంటికి రాగానే కత్తెర వెతికే మనిషి. దుప్పటి మడతలో చిన్న రవ్వ ఉంటే లేచి దులిపి గానీ పడుకోదు. ఆవిడకి రెండు రాళ్ళకీ తేడా తెలియకపోవడమా?

సెప్టెంబర్ 15, సోమవారం

పొద్దున్నే పసుపు రాయి మీద ఒక కత్తి నూరాను. ముందు నా కుడి చెంప మీద ఒక గీత. మండింది. లాయరు గారి మీద జాలేసింది.

తర్వాత ఆవిణ్ణి కూర్చోబెట్టాను. ఏ రాయో చెప్పలేదు. నురగ పెట్టి, చెవి కింద, ఎక్కడైతే నా చెంప మండిందో ఆవిడకీ అక్కడే, మెల్లగా ఒక గీత గీశాను. చేయకూడని పనే. చేశాను. ఆవిడ నవ్వుతూనే ఉంది. కానీ కాలి వేళ్ళు ముడుచుకున్నాయి. కుర్చీ చేతిని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. నురగ తుడిస్తే చర్మం మీద సన్నటి ఎర్ర చుక్కలు వరసగా తేలుతున్నాయి.

ఎలా ఉంది అన్నాను.

తెలియనే లేదండీ అంది. మొన్నటి కన్నా బాగుంది అంది.

ఆ గొంతు నేను ముందే విన్నాను. ఆసుపత్రి మెట్ల మీద విన్నాను. చిన్న గడ్డేనటండీ అన్నది ఆ గొంతే. ఇంత మెత్తగా, ఇంత తేలిగ్గా.

కత్తి కింద పెట్టేశాను. చేతులు కడుక్కుంటూ ఆ మాటే తిప్పి తిప్పి చూసుకున్నాను. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఆవిడకి ఉన్నదాన్ని తగ్గించి చెప్పడమే వచ్చు, లేనిది పుట్టించడం రాదు. ఆ మాట డాక్టర్ అనే ఉంటాడు. ఒక మనిషికి ఆపరేషన్ ఎప్పుడు అక్కర్లేదు? గడ్డ చిన్నదైనప్పుడు. ఇంకెప్పుడు?

ఆవిడ అద్దంలో తన చెంప చూసుకుని, నేను చూడటం లేదనుకుని, పైట చెంగు తడిపి అద్దుకుంటోంది.

సెప్టెంబర్ 16, మంగళవారం

అడగలేదు.

సెప్టెంబర్ 18, గురువారం

రాళ్ళాయన వచ్చాడు. రాళ్ళు తేల్చకుండా ఇన్నాళ్ళు పెట్టుకుంటే మామూలుగా గుమ్మంలోనే నస మొదలుపెడతాడు. ఈరోజు తొందరేముందండీ, మీ దగ్గరే ఉండనివ్వండి అన్నాడు. నా మొహం వంక చూడకుండా అన్నాడు. వాగుడుకాయ, అయిదు నిమిషాల్లో వెళ్ళిపోయాడు.

బావమరిది గడ్డం తీసేసి వచ్చాడు. లోపల ఇంకా చిన్నపిల్లాడి మొహమే ఉంది. నా రెండు చెంపలూ నీవే బావా అన్నాడు. గీసి చూశాను. ఎలా ఉందిరా అంటే, నువ్వు నూరింది కదా, సూపర్ అన్నాడు. వీడు కూడా.

ఇంట్లో మా ఆవిడ అడగకుండానే అన్నీ మెత్తగా వండుతోంది. ఉప్పు తక్కువైందని నేను విసుక్కుంటే అవునండీ అని ఒప్పుకుంటోంది. ఎవరూ నాతో పోట్లాడటం లేదు. ఇక వేరే రిపోర్ట్ ఎందుకు?

భయంగా ఉంది. రాళ్ళ ముందు కూర్చుంటే కాసేపు తగ్గుతోంది, లేవగానే మళ్ళీ వస్తోంది. చావంటే ఒక భయం. అందరూ ఇలా బాగుంది, బాగుంది అంటూ ఉండగా, ఏదీ తెలియకుండా పోతానేమోనని ఇంకో భయం. ఈ రెండోదే ఎక్కువగా ఉంది.

సెప్టెంబర్ 22, సోమవారం

మా ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాను. కత్తి తీయలేదు. నురగ కలపలేదు. నిజం చెప్పు అన్నాను.

పసుపుది మండింది అంది. ఆకుపచ్చది కాస్త గీరింది. బూడిదది మంచిది, అది ఉంచుకోండి అంది.

ఇంకా అన్నాను.

చెప్పింది. వచ్చే ఎండాకాలం చూడనట.

చెబుతూ నా ఎడమ చెంప మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీసి కుడి వైపు పెట్టుకున్నాను.